గుహ అలకగానే పండగ కాదు

అరకు వెళ్లొచ్చానని తెలియగానే మా వీధిలో వాళ్లంతా అడిగినవి రెండే ప్రశ్నలు. బొంగు చికెన్ తిన్నావా, కాఫీ పొడి తెచ్చావా? తిన్నాను, తెచ్చాను. అయితే నేను వెళ్లింది ఆ రెండింటి కోసమూ కాదు. గబ్బిలాల రెట్ట ఏరడానికి వెళ్లాను. నవ్వుకోండి, పర్లేదు. మా ఆయనైతే మంచినీళ్లు తాగుతూ ఈ మాట విని, పొలమారి, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా దగ్గాడు. తగిన శాస్తే అయింది.

మాది భీమవరం. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. ఆవకాయ రోజుల్లో నాకు ఊపిరి పీల్చుకోవడానికి కూడా తీరిక ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్క ఫోన్ చేసింది. వాళ్ల అమ్మాయి హైమ గబ్బిలాల మీద పరిశోధన చేస్తోంది. దానితో కొండల్లోకి రావలసిన స్నేహితురాలికి కామెర్లు వచ్చాయి. పిల్లని ఒంటరిగా పంపడానికి మా అక్కకి మనసొప్పలేదు, తను వెళదామంటే మోకాళ్ల నొప్పులు. "నువ్వెళ్లవే. నీకు నోరుంది, ఎక్కడైనా బతికేస్తావు" అంది. అది పొగడ్తో, తిట్టో నేనింకా తేల్చుకోలేదు.

ఏదైతేనేం, కొట్టించిన ముక్కలు తోటికోడలికి అప్పగించి, ఒక చిన్న సీసాడు మాగాయ సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

రైల్లో

విశాఖపట్నంలో పొద్దున్నే రైలెక్కాం. అద్దాల పెట్టెలో టికెట్లు దొరకలేదు. మామూలు పెట్టెలోనే కిటికీ పక్కన సీట్లు దొరికాయి. ఎదురుగా శృంగవరపుకోట వెళ్లే ఒకావిడ కూర్చుని ఒళ్లో బుట్ట పెట్టుకుని మల్లెపూలు కడుతోంది. రైలు సరిగ్గా ఊపందుకోకముందే మా ఊరూ పేరూ, నాకెంతమంది పిల్లలో, హైమకి పెళ్లి ఎందుకు కాలేదో అన్నీ రాబట్టేసింది.

"అరకు ఏటి పనిమీద ఎల్తన్నారమ్మా?" అని అడిగింది.

హైమ అబద్ధం ఆడదు. దానికున్న జబ్బే అది. "గబ్బిలాల రెట్ట తెచ్చి పరీక్ష చేయడానికండీ" అంది.

ఆవిడ పూలు కట్టడం ఆపి నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను.

అక్కడితో ఊరుకుంటే అది హైమ ఎలా అవుతుంది? మొదలెట్టింది. ఇవి ఆకుముక్కు గబ్బిలాలట. ముక్కు మీద చిన్న ఆకు మడిచి అతికించినట్టు ఉంటుందట. పళ్ల జోలికి పోవు, ఎగిరే పురుగుల్ని తింటాయి. లోకంలో ఇవి చాలా కొద్దిగా మిగిలాయి. ఎందుకు తగ్గిపోతున్నాయో తెలియాలంటే ముందు వాటి పొట్టలో ఏముందో తెలియాలి. కడుపులో పాములు ఎక్కువయ్యాయా, తిండి అరిగించే మంచి సూక్ష్మజీవులు తగ్గాయా అని. పట్టుకుని చూద్దామంటే బెదిరిపోతాయి, కొన్ని ఆ బెదురుకే చచ్చిపోతాయి. అందుకని వాటిని పట్టుకోకుండా, ముట్టుకోకుండా, అవి వదిలేసింది మాత్రం తీసుకుని చూస్తారు.

"అంటే డాక్టరు మనకి దొడ్డికి పరీక్ష రాత్తాడు, అదేనా?" అంది ఆవిడ.

"అచ్చంగా అదేనండీ" అంది హైమ సంబరంగా.

"మా గుంట కూడా పెద్ద సదువే సదివింది. బేంకులో సేత్తంది" అని ఎంతో జాలిగా చెప్పి, దిగేటప్పుడు హైమ చేతిలో ఒక మూర పూలు పెట్టి వెళ్లిపోయింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఈ పిల్ల బతుక్కి తనవంతు సాయం అనుకుంది కాబోలు.

సూక్ష్మజీవుల సంగతి నాకు మాత్రం ఇట్టే అర్థమైంది. పెరుగు తోడుకున్నా, పచ్చడి బూజు పట్టినా వాటి చలవే కదా. "మంచివి నిండుగా ఉన్నంతకాలం చెడ్డవాటికి చోటు దొరకదు పిన్నీ" అంది హైమ. మా వీధి గుడి కమిటీ కూడా అలా ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను.

ఆ తర్వాత సొరంగాలు మొదలయ్యాయి. చీకటి పడగానే పెట్టెలో పిల్లా పెద్దా అందరూ కేకలు. నేనూ అరిచాను, టికెట్ కొన్నాను కదా. హైమ మాత్రం అరవలేదు. ఏమిటే అంటే అప్పుడు చెప్పింది. చలికాలంలో ఈ కొండల్లో మూడు గుహలు చూసి వెళ్లిందట. వాటిల్లో రెండు ఈమధ్య ఖాళీ అయిపోయాయట. గబ్బిలాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. మిగిలింది ఇప్పుడు మేం వెళ్తున్నది ఒక్కటే. మే నెలాఖరుకి అవి పిల్లల్ని పెడతాయి. ఇక అప్పట్నుంచి ఆ పిల్లలు ఎగిరేదాకా గుహలోకి ఎవరూ అడుగు పెట్టకూడదు. అలికిడికి తల్లులు బెదిరి లేచాయంటే పిల్లలు జారి కిందపడి చచ్చిపోతాయి. అందుకే ఇప్పుడు వెళ్లి, అవి మేతకి పోయిన సమయం చూసి కింద శుభ్రమైన షీట్లు పరిచి, రెట్ట పట్టుకుని వచ్చేయాలి.

"ఇప్పుడు దొరక్కపోతే?"

"వచ్చే ఏడు. అప్పటికి ఇవి ఉంటే" అంది. నేను మళ్లీ అరవలేదు.

అరకులో ఒక పూట

అరకు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. మన గోదావరి జిల్లాల వాళ్లు సగంమంది అక్కడే ఉన్నారు, స్వెటర్లు వేసుకుని, చలి లేకపోయినా చలేస్తున్నట్టు ఫొటోలు దిగుతూ. బొంగు చికెన్ మాత్రం తినవలసిందే. వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకుతో మూతిపెట్టి, నిప్పుల మీద దొర్లిస్తూ కాలుస్తారు. చుక్క నూనె ఉండదు. నూనె లేకుండా మాంసం వండవచ్చని మా భీమవరంలో చెబితే ఊళ్లోంచి వెలేస్తారు. ధర విన్నాక బొంగు కూడా నాదేనా అని అడిగాను. ఆ అబ్బాయి నవ్వుతూ, "తీస్కెళ్లండమ్మా, పువ్వులెట్టుకోడానికి బాగుంటాది" అన్నాడు. తెచ్చాను. మా ఆయన దాన్ని ఎక్కడ పారేశాడో తెలియదు.

పెదబయలు దాటాక

మర్నాడు జీపులో పెదబయలు దాటి, ఇంకా లోపలికి వెళ్లాం. కొండవాలంతా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడన కాఫీ, చెట్లకి పాకించిన మిరియాల తీగ. మా డ్రైవర్ అప్పలరాజు ప్రతి మలుపులోనూ "ఇక్కడ మొన్న ఒక బండి పడిపోనాదండీ" అని కబురు చెబుతూ నడిపాడు. బండి పడిన చోట్లు అయిపోయాక, పడబోయి ఆగిన చోట్లు చూపించాడు. ఊరు చేరేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఊరంటే ఎర్రమట్టి పూసిన ఇళ్లు, మధ్యలో రాళ్లు పరిచిన దారి, చివర్లో చిన్న చర్చి, చర్చికి ఎదురుగానే కొండదేవతకి పాతిన రాయి. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నా తగూలేమీ లేనట్టుంది. మమ్మల్ని ఎదుర్కోవడానికి బుద్రమ్మ వచ్చింది. హైమ చలికాలంలో వచ్చినప్పుడు వాళ్లింట్లోనే దిగిందట. నా ఈడుదే. చెంబుతో నీళ్లు తెచ్చి మా కాళ్లు తనే కడగబోతే నేను గెంతి పక్కకి జరిగాను. మా వైపు పెళ్లిలో అల్లుడికి తప్ప ఎవరికీ ఆ వైభోగం లేదు. "ఉండమ్మా, సుట్టం కాలు కడక్కపోతే మాకు తప్పు" అని గట్టిగా చీలమండ పట్టుకుంది. పట్టు అంటే పట్టే అది.

సామల అన్నం, వెదురు కొమ్ముల కూర, రాజ్మా గింజల పులుసు పెట్టింది. వెదురు కొమ్ములంటే లేత మొలకలు, వాటిల్లో ఒక పులిసిన వాసన ఉంటుంది. మొదటి ముద్దకి ముఖం చిట్లించాను, మూడో ముద్దకి మారు అడిగాను. బదులుగా నా మాగాయ సీసా విప్పి కొంచెం వడ్డించాను. మా జిల్లాలో ఆ మాగాయకి పేరుంది. బుద్రమ్మ వేలితో నాకి, కాసేపు ఆలోచించి, "కాయ పాడైపోతాదని ఇంత కారం ఏసినారా అమ్మా?" అంది. హైమ ముఖం తిప్పుకుని నవ్వింది. ఆ నవ్వు లెక్క నేను తర్వాత తేల్చుకున్నాననుకోండి.

గుహ దగ్గర

భోజనం అయ్యాక గుహకి బయల్దేరాం. దారి పొడవునా బుద్రమ్మ ఏదో గొప్ప సంగతి దాచుకున్నట్టు ముసిముసిగా నవ్వుతూనే ఉంది. ఆ గబ్బిలాల్ని వాళ్ల ఊళ్లో అమ్మోరి కోళ్లంటారట. ఉబ్బసానికి మందని మన ఊళ్లలో గబ్బిలాన్ని వండుకు తినేవాళ్లున్నారు కానీ ఇక్కడ ఆ మాటంటే చెంపలు వేసుకుంటారు. అమ్మోరి కోళ్లు ఉన్నంతకాలం ఊరికి కీడు రాదని నమ్మకం.

గుహ ముఖం సన్నం. మనిషి పక్కకి తిరిగి దూరాలి. లోపల విశాలంగా ఉంటుందట. హైమ మాస్కు కట్టుకుని, చిన్న ఎర్రలైటు పెట్టుకుని లోపలికి తొంగిచూసింది. చూసి, అలాగే ఉండిపోయింది.

"ఏమైందే?" అని నేనూ తొంగిచూశాను.

లోపల నేల తళతళలాడుతోంది. పేడతో నున్నగా అలికి ఉంది. మధ్యలో సున్నంతో ముగ్గు. చుక్కల ముగ్గు కాదు, వాళ్ల ఇళ్ల గోడల మీద చూశానే, ఆ గీతల ముగ్గు. ఎంత బాగుందంటే, అది గబ్బిలాల గుహ కాకపోయి ఉంటే ఫొటో తీసుకునేదాన్ని.

"బుద్రమ్మగారూ, లోపల రెట్టేదీ?" అని అడిగింది హైమ.

"ఊడ్సేసినామమ్మా! మీరే గదా ఫోనులో సెప్పినారు. గుహ సుబ్రంగా ఉంచాల, ఎవులూ సేత్తో ముట్టకూడదు అని. ఒక్కులమూ ముట్టలేదు. సీపుర్లతోనే సేసినాం, నలుగురు ఆడోళ్లం."

"ఊడ్చింది ఏం చేశారు?"

"అల్లం మడికి ఎత్తేసినాం. మంచి బలం. తరవాత అలికినాం, ముగ్గెట్టినాం. సుట్టాలొత్తన్నారంటే ఊరుకుంటామేటి? సాంబ్రాణి కూడా ఏసినాం."

సాంబ్రాణి అనే మాట వినగానే హైమ అక్కడే రాతి మీద కూలబడింది.

నాకు నవ్వొచ్చింది, నిజం చెప్పొద్దూ. దాని ముఖం చూశాక ఆగిపోయింది. శుభ్రంగా ఉంచమంటే దాని భాషలో బయటి మురికి ఏదీ కలవకుండా ఉంచమని. బుద్రమ్మ భాషలో ఊడ్చి అలకమని. ఇద్దరిదీ తప్పులేదు. మా ఇంట్లో పనికి కొత్తగా చేరినామెను ఆవకాయ జాడీ శుభ్రం చెయ్యమన్నాను ఓసారి. సబ్బెట్టి, నీళ్లోసి, మిలమిలలాడేలా కడిగి పెట్టింది. ఆ తడికి జాడీడు ఆవకాయ బూజుపట్టి పోయింది. లోకంలో ఎవరి శుభ్రం వాళ్లది.

హైమ కోప్పడలేదు. "తప్పు నాదేనమ్మా, సరిగ్గా విడమరిచి చెప్పలేదు" అని నెమ్మదిగా వివరించింది. పేడలో పశువుల కడుపులోని పురుగుల గుడ్లు ఉంటాయి. ఇప్పుడు పైనుంచి రెట్ట పడినా, ఏ పురుగు ఆవుదో ఏది గబ్బిలానిదో తేలదు. అది కూడా పర్లేదు, షీటు పరిచి పట్టుకోవచ్చు. అసలు భయం పొగ. పొగకి తట్టుకోలేక అవి గుహ వదిలి వెళ్లిపోయాయేమో.

"ఎల్లిపోతాయా?" అంది బుద్రమ్మ. అంతసేపూ ఉన్న నవ్వు ముఖం మీదనుంచి పోయింది. "అమ్మోరి కోళ్లు ఊరొదిలి ఎల్లిపోతాయా?"

ఇల్లు అలకగానే పండగ కాదని మనవాళ్లు ఊరికే అనలేదు.

పొద్దు వాలాక

లోపలికి వెళ్లి చూడొచ్చుగా అన్నాను. వద్దంది హైమ. ఒకవేళ ఎక్కడో లోపలి గదిలో దాక్కుని ఉంటే, ఒకసారి బెదిరినవి ఇంకోసారి బెదిరితే తప్పకుండా పోతాయట. పొద్దు వాలాక మేతకి వస్తాయి కదా, గుహ ముఖానికి దూరంగా కూర్చుని చూడ్డమే మార్గం. వస్తే ఉన్నట్టు. రాకపోతే లేనట్టు.

అప్పటికే ఊళ్లో మాట పాకింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఆ ఊరెంత. దిసారి కూడా కర్ర పోటేసుకుంటూ కొండెక్కి వచ్చాడు. ఊళ్లో విత్తనాలకీ పెళ్లిళ్లకీ రోజు చూసిపెట్టే పెద్దాయన. "నన్నడక్కుండా అమ్మోరింట్లో సీపురెవులు పట్టమన్నారు?" అని బుద్రమ్మని ఒక్క మాట అన్నాడు. అంతే. కేక వెయ్యలేదు, తిట్టలేదు. బుద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాళ్ల చాటున కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో తోచలేదు. నాకు ఏం చెప్పాలో తోచకపోవడం చాలా అరుదు. మా అక్కని అడగండి.

మాట్లాడకూడదంది హైమ. ఊ అనకూడదట, దగ్గకూడదట. నేను నోరు మూసుకుని కూర్చోవడం ఆ కొండలు చూసిన వింతల్లో ఒకటి. పడమట ఎరుపు తగ్గింది. ఎక్కడో దుక్కిటెద్దుల మెడ గంటలు వినిపించాయి. గుహ ముఖం నల్లగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. హైమ రెండు చేతులూ ఒళ్లో బిగించి పెట్టుకుంది. చిన్నప్పుడు పరీక్ష ఫలితాలు వచ్చేటప్పుడు అలాగే కూర్చునేది.

వస్తాయని నేను ఆశ వదిలేశాక, ఒకటి వచ్చింది. నిజంగా వచ్చిందా, కంట్లో నలకా అనుకునేంతలో ఇంకోటి. ఆ తర్వాత ఇక ఆగలేదు. సన్నటి ముఖంలోంచి ఒకదాని వెనక ఒకటి, పొయ్యి మీద గిన్నె మూత తీస్తే ఆవిరి వచ్చినట్టు వచ్చేశాయి. చప్పుడు లేదు, రెక్కల గాలి మాత్రం చెంపలకి తగులుతోంది. బుద్రమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు సంగతి ముందే చెప్పాను కదా. నొప్పెట్టింది, అయినా విడిపించుకోలేదు.

హైమ చీకట్లో కూడా కనిపించే కళ్లజోడు లాంటి ఒక పరికరం పెట్టుకుని చూస్తోంది. చూస్తూ చూస్తూ, "అయ్యో" అంది.

ఏమిటని సైగ చేశాను.

"పిల్లలు పిన్నీ. కొన్నింటి పొట్టకి పిల్లలు కరుచుకుని ఉన్నాయి. అప్పుడే పెట్టేశాయి."

ఈ ఏడు ముందే ఈనాయన్నమాట. అంటే గుహలోకి ఇంక అడుగు పెట్టడానికి లేదు, అవి లేనప్పుడు కూడా. కొన్ని తల్లులు పిల్లల్ని లోపలే వదిలి మేతకి వెళ్తాయట. షీటు పరవడానికి లేదు. గబ్బిలాలు దొరికాయి, రెట్ట పోయింది. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో అది నా వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడు నా నెత్తి మీద టప్పున ఏదో పడింది. ఆ వెంటనే భుజం మీద ఇంకోటి. కొత్త చీర, మొన్న ఒక పెళ్లిలో నాకు పెట్టింది. మాట్లాడకూడదన్న సంగతి మర్చిపోయి "ఛీ ఛీ!" అని లేవబోయాను.

"కదలకు పిన్నీ!" అని హైమ ఒక్క గెంతున నా మీదకి వచ్చింది. ఎర్రలైటు వెలుగులో నా భుజం మీది నల్లటి గింజని చూస్తూ ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. గుహనుంచి బయటపడగానే అవి కడుపు ఖాళీ చేసుకుంటాయట. ముఖం వెడల్పుగా ఉంటే చెల్లాచెదురుగా పడుతుంది. ఇక్కడ అన్నీ ఒకే సందులోంచి వస్తున్నాయి కాబట్టి ఒకే చోట పడుతోంది. లోపలికి పోనక్కర్లేదు. బయటే పట్టుకోవచ్చు.

"నక్కతోక తొక్కి వచ్చావు పిన్నీ" అంది.

తొక్కింది నేను, దొరికింది దానికి.

సంతరోజు

మర్నాడు సాయంత్రం దాకా పనిలేదు. సంతకి వెళ్లాం. అల్లం, పసుపు కొమ్ములు, చింతపండు, అడ్డాకుల కట్టలు, ఎండుచేపలు, సెల్‌ఫోన్ కవర్లు, అన్నీ ఒకే వరసలో. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు గొడుగుల కింద, కొండ మీదనుంచి వచ్చినవాళ్లు ఎండలో. నా తలకన్నా పెద్ద పనసకాయ నలభై రూపాయలంటే బేరమాడడానికి నాకే సిగ్గేసింది. మా భీమవరంలో నలభైకి నాలుగు తొనలిస్తారు, అందులో ఒకటి పచ్చిది. కాయ కొన్నాక మోసుకెళ్లేదెవరన్న ప్రశ్న వచ్చింది. చివరికి అక్కడే కోయించి సంతలో సగంమందికి పంచాను. అల్లం చూసినప్పుడల్లా, ఇందులో గబ్బిలాల బలం ఎంతుందో అనిపించింది. అయినా రెండు కిలోలు కొన్నాను. అల్లం పచ్చడి ఈసారి బాగా కుదిరింది, ఎందుకో కొనేవాళ్లకి చెప్పలేదు.

బుద్రమ్మ మాతో వచ్చింది కానీ అంతంతమాత్రంగా మాట్లాడింది. అమ్మోరి కోళ్లు పోలేదు కదా అన్నాను. "పోలేదు గానీ, పురిటిగదిలో పొగెట్టినట్టయిందమ్మా" అంది.

పందిరి

సాయంత్రం షీట్లు తెరిచాం. ఒక్కో మూల ఒక్కొక్కరు పట్టుకోవాలి, నేలకి తగలకూడదు. హైమ అందరికీ చేతితొడుగులు, మాస్కులు ఇచ్చింది. ఈసారి ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. ఊడవొద్దు, అలకొద్దు, పొగెయ్యొద్దు, ముగ్గెయ్యొద్దు, మాట్లాడొద్దు. "ఊపిరన్నా పీల్సొచ్చా?" అన్నాడు దిసారి. ఆయన చిన్నగా నవ్వడం చూసి బుద్రమ్మ మనసు కాస్త కుదుటపడింది.

చీపుర్లు పట్టిన ఆ నలుగురు ఆడవాళ్లూ వచ్చారు. దిసారి ఒక మూల, నేనొక మూల. ఒక పెద్దమనిషి, పచ్చళ్లమ్ముకునే నేను, అంతా చేతులెత్తి ఆకాశంలోంచి రెట్ట ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తున్నాం. ఆ క్షణాన మా ఆయన చూసి ఉంటే ఇంకోసారి పొలమారి ఉండేది.

వచ్చాయి. నిన్నటిలాగే చప్పుడు లేకుండా మా తలల మీదుగా పోయాయి. చేతులు లాగేస్తున్నాయి, ఒక్కరూ దించలేదు. టప్. ఇంకో టప్. మొదటి చినుకు పడ్డప్పుడు రైతు ముఖం ఎలా ఉంటుందో తెలుసు కదా, బుద్రమ్మ ముఖం అలా ఉంది. అన్నీ వెళ్లిపోయాక షీటు మధ్యలో నల్లటి గింజలు, బియ్యంలో వడ్లంత. వాటిల్లో పురుగుల రెక్కల ముక్కలు సన్నగా మెరుస్తున్నాయి. హైమ ఒక్కోదాన్నీ పట్టకారుతో తీసి, మందు పోసిన చిన్నచిన్న సీసాల్లో వేసింది. నా కూతురు లాంటి పిల్ల, ఏడుస్తూ నవ్వుతోంది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. రెట్టకి ఏడ్చానని మీరెవరికైనా చెబితే ఒప్పుకోను.

"మా కోళ్లకి ఏటి రోగముంది?" అని అడిగింది బుద్రమ్మ.

"చూస్తే గానీ తెలియదమ్మా. కొన్ని నెలలు పడుతుంది" అంది హైమ. "ఈలోపల మాత్రం లోపలికి ఎవరూ వెళ్లకూడదు. ఈ కొండల్లో నాకు తెలిసినవి ఇవే మిగిలాయి. ఒక్క పిల్ల జారిపడినా లోటే."

బుద్రమ్మ తలాడించింది.

దిగే రోజు

పొద్దున్న అప్పలరాజు జీపు తెచ్చేసరికి బుద్రమ్మ ఇంట్లో లేదు. చెప్పకుండా ఎలా వెళ్తాం? గుహ దారిన వెతుక్కుంటూ వెళితే, కిందనుంచే పాటలు వినిపించాయి. మన పాటలే, మన సినిమావే. చేతిలో స్పీకరు పట్టుకుని ఐదారుగురు కుర్రాళ్లు గుహ చూడ్డానికి పైకెక్కుతున్నారు. మాట తీరు చూస్తే మా జిల్లా వాళ్లే. హైమ ముఖం పాలిపోయింది. "పిన్నీ, ఆపు, ఎలాగైనా ఆపు" అంటూ పరుగెత్తింది. నేనూ పరుగెత్తాను, అంటే నాకు చేతనైనంత.

మేం చేరేసరికి వాళ్లు గుహకి ఇరవై గజాల దూరంలో ఆగి ఉన్నారు. దారికి అడ్డంగా రెండు కర్రలు పాతి, మధ్యలో తాడు కట్టి, తాడు పొడవునా పచ్చటి ఆకుమండలు వేలాడదీసి ఉన్నాయి. తాడుకి ఇవతల బుద్రమ్మ నిలబడి ఉంది. మా వైపు పురుటింటి గుమ్మానికి వేపమండలు కడతాం. వీళ్లు కట్టే ఆకు వేరు, అంతే.

"లోపలికి రాకూడదు బాబూ" అంటోంది బుద్రమ్మ. "లోపల బాలింతలున్నారు."

పాట టక్కున ఆగిపోయింది. స్పీకరు పట్టుకున్న కుర్రాడు దాన్ని వెనక్కి దాచుకున్నాడు. వాళ్లలో పెద్దవాడు చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు ఓసారి కిందకి చూసుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు. "సారీ అండీ, మాకు తెలీదు" అన్నాడు గుసగుసగా. మిగతావాళ్లు అప్పటికే మునివేళ్ల మీద దిగిపోతున్నారు.

పెద్దవాడు వెళ్లబోతూ, మన ఊళ్లలో అందరూ అడిగేదే అడిగాడు.

"ఆడపిల్లా అమ్మా, మగపిల్లాడా?"

బుద్రమ్మ గుహ వైపు ఒకసారి తిరిగి చూసింది.

"ఇంకా సూడలేదు బాబూ" అంది. "ఇప్పుడు సూడకూడదు."